అరవై అంగుళాలు

ఆ ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం మా అత్తగారు కత్తెర కోసం మా ఇంటికి వచ్చారు. కత్తెర నా భార్య బీరువాలో ఉంది. ఆ బీరువా నేను ఏడు నెలలుగా తెరవలేదు.

"తాళంచెవి ఇలా ఇవ్వండి మాస్టారూ. మీరు తియ్యక్కర్లేదు, నేను తీసుకుంటాను," అన్నారు.

నా భార్య నన్ను మాస్టారూ అనే పిలిచేది. కూతురి నోట విని విని తల్లికీ అదే అలవాటైంది. బడిలో మూడు వందల మంది పిల్లలు నన్ను అలాగే పిలుస్తారు. ఇంట్లో మాత్రం ఆ పిలుపు ఇప్పుడు ఒక్క గొంతులోనే మిగిలింది.

నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆవిడ బీరువా తీశారు. పై అరలోంచి కత్తెర డబ్బా అందుకుని, తలుపు మూయబోతూ ఆగిపోయారు. తలుపు లోపలి వైపు, కింద నుంచి పైదాకా, రెండు చిన్న మేకులతో బిగించిన పసుపుపచ్చ గుడ్డ టేపు ఉంది. దర్జీలు మెడలో వేసుకునే టేపు. ఆవిడ దాన్ని వేళ్ళతో తడిమారు. చివరనున్న ఇత్తడి బిళ్ళ మీద బొటనవేలు ఆగింది.

"ఇది నా టేపు."

బిళ్ళని వేళ్ళ మధ్య తిప్పి చూశారు.

"పదకొండేళ్ళ కిందట పోయింది. కొట్లో బొత్తాలు కుట్టే ఆవిడ మీద అనుమానపడ్డాను. ఒక్క మాట అనలేదు గానీ నా మొహం చూసి ఆవిడ పని మానేసింది. దొంగేమో నా కడుపునే పుట్టిందన్నమాట."

"అడిగితే ఇవ్వరని తీసుకొచ్చేసిందట."

"అడిగితే ఇచ్చేదాన్ని కాదు. అది మాత్రం నిజం." కాస్త కిందికి తడిమారు. "ఈ గుండుసూది ఏమిటి?"

నలభై తొమ్మిదో అంగుళం దగ్గర ఎర్ర తల గుండుసూది గుచ్చి ఉంది. ఇక చెప్పక తప్పలేదు.

మాకు పిల్లల్లేరు. ఉన్నదల్లా నా జీతం, తన కుట్టు. ఏడాది ఖర్చుకి ఇరవై అయిదు రెట్లు కూడబెట్టుకుంటే, ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతికేవాళ్ళకి ఇక జీతంతో పనిలేదని తను ఎక్కడో చదివింది. లెక్కల మాస్టార్ని కాబట్టి నన్ను సరిచూడమంది. చూశాను. కుదిరింది. నాకు యాభై ఏళ్ళు వచ్చేసరికి ఇద్దరం పని మానేయాలని అనుకున్నాం. ఆ మొత్తాన్ని అరవై భాగాలు చేసి, ఒక్కో భాగం ఒక్కో అంగుళం అంది. డబ్బు అంకెల్లో చెబితే తనకి భయం వేసేది. అంగుళాల్లో చెబితే రోజూ చేసే పనిలా కనిపించేది.

ప్రతి పది అంగుళాలకీ ఒక ట్రయల్. "ట్రయల్ చూడకుండా కోటు ఎవరైనా ఇచ్చేస్తారా? పని మానేశాక ఉండే బతుకు మనకి సరిపోతుందో లేదో మధ్యమధ్యలో తొడుక్కుని చూసుకోవాలి," అనేది. దానికి షరతులు పెట్టింది. పనిరోజై ఉండాలి. ఇద్దరం సెలవు పెట్టాలి. మామూలు రోజు కన్నా ఒక్క పైసా ఎక్కువ ఖర్చు కాకూడదు. అయితే అది విందు అవుతుంది, ట్రయల్ కాదు.

పది అంగుళాలు నిండాక ఒక గురువారం అలారం పెట్టకుండా పదింటిదాకా పడుకుందామనుకున్నాం. అయిదింటికే ఇద్దరికీ మెలకువ వచ్చేసింది. లేవడానికి ఒకరి ముందు ఒకరం సిగ్గుపడి, పదింటిదాకా ఫ్యాను చూస్తూ పడుకున్నాం. ఇరవైకి పార్కులో కూర్చుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివాం. ముప్పైకి కిటికీ దగ్గర కుర్చీలు వేసుకుని, ఎదురింటి మీద పై అంతస్తు కడుతుంటే సాయంత్రందాకా చూశాం. నలభైకి కాళ్ళు నొప్పెట్టేదాకా నడిచి, నొప్పెట్టిన చోట ఆగాం. యాభైకి ఏం చేయాలో, అరవైకి ఏం చేయాలో తను ఒక కటింగు కాగితం ముక్క మీద రాసి టేపు పక్కనే అంటించింది.

నలభై తొమ్మిది దగ్గర తనకి జ్వరం వచ్చింది. మూడు వారాలు ఆస్పత్రి. ఒకరోజు మంచం మీంచే, "ఎంత వెనక్కి పోయాం?" అని అడిగింది. "ఏమీ పోలేదు," అన్నాను. రెండు అంగుళాలు పోయాయి. గుండుసూదిని మాత్రం నేను కిందికి దించలేదు.

అత్తగారు అంతా విని, కత్తెర డబ్బా చంకలో పెట్టుకున్నారు.

"పని మానేసి ఏం చేద్దామని?"

"అదే చూసుకుంటున్నాం అత్తయ్యా."

"బాగుంది. ఇద్దరికిద్దరూ సరిపోయారు." గుమ్మం దాటి వెనక్కి తిరిగారు. "సాయంత్రం సూదుల పనికి వస్తారుగా?"

ఆవిడ వెళ్ళాక పాస్‌బుక్కు తీసి మొత్తం కూడి అంగుళాల్లో చూశాను. నలభై ఏడు మీద ఏ ఒకటో పెరిగి ఉంటుందనుకున్నాను. సరిగ్గా యాభై వచ్చింది. వడ్డీ కలుపుకున్నా, ఒక్క జీతంతో ఏడు నెలల్లో మూడు అంగుళాలు ఎలా పెరిగిందో అర్థం కాలేదు. మళ్ళీ కూడాను. యాభయ్యే. లెక్కల మాస్టార్ని అయ్యుండి, అక్కడ ఆగి ఆలోచించలేదు.

అప్పటికి నా సంచిలో హెడ్మిస్ట్రెస్ గారిచ్చిన ఉత్తరం ఒకటి ఉంది. వైస్ ప్రిన్సిపాల్ పదవి, పదేళ్ళ ఒప్పందం, టర్మ్ ముగిసేలోపు జవాబు. తను ఉంటే ఆ ఉత్తరం వెనకవైపు ఎవరిదో నడుము కొలత రాసుకునేది. నేను మాత్రం ఒప్పుకుందామనే అనుకున్నాను. పదేళ్ళపాటు పొద్దున్నే లేచి వెళ్ళడానికి ఒక చోటు ఉంటుంది. అంతకన్నా నాకేం కావాలో తెలియలేదు.

గుండుసూదిని జరపకుండానే బీరువా మూసేశాను.

*

అత్తగారి కొట్టు మా వీధి చివర ఉంది. ముందు కొట్టు, వెనక ఒక గది. ఆ గదిలోనే కాపురం. నలభై ఏళ్ళుగా అదే అద్దె కొట్టు. తల్లీకూతుళ్ళ మిషన్లు ఎదురెదురుగా ఉండేవి. ఇప్పుడు ఒక దాని మీద కప్పిన గుడ్డ అలాగే ఉంది.

రోజూ బడి అయ్యాక వెళ్ళి ఇరవై సూదులకి దారం ఎక్కించి పెట్టేవాణ్ణి. పది సూదులకి నల్లది, పది సూదులకి తెల్లది. మర్నాడు అంచులు మడిచి కుట్టడానికీ, బొత్తాలకీ ఆవిడకి అవి కావాలి. అంతకుముందు ఆ పని నా భార్య చేసేది. నాకు మొదట్లో ఒక్కో సూదికి నాలుగు నిమిషాలు పట్టేది.

ఒక సాయంత్రం బ్యాండులో బాకా ఊదే ఆయన వచ్చాడు. కచేరీకి కొత్త కోటు కుట్టమని అంతకుముందే గుడ్డ ఇచ్చి వెళ్ళాడు, ముదురు నీలం రంగుది.

"కోటు అయిందా అమ్మా?"

"అవకపోతే రమ్మంటానా? తొడుక్కో."

తొడుక్కున్నాడు. ఎడమ వైపు బ్రహ్మాండంగా ఉంది. కుడి చెయ్యి మోచేతి దగ్గర వెనక్కి తిరిగిపోయింది. ఆయన బాకా పట్టుకున్నట్టు రెండు చేతులూ ఎత్తి చూసుకున్నాడు.

"అమ్మా, ఇకనుంచి నేను వెనకవాళ్ళకి వాయించాలా?"

"అద్దంలో చూసుకుంటే అలాగే ఉంటుంది. కుడి ఎడమ తిరగబడతాయి."

"నేను అద్దంలో చూసుకోవడం లేదమ్మా. మిమ్మల్ని చూస్తున్నాను."

ఆవిడ దగ్గరికి వెళ్ళి తడిమారు. భుజం, చంక, మోచెయ్యి. తర్వాత రెండో వైపు. ఆ గుడ్డకి లోపలా పైనా ఒకేలా ఉంటుంది. కోటుకి రెండూ ఎడమ చేతులే కుట్టారు.

"విప్పు," అన్నారు. "ఎల్లుండి రా."

"కచేరీ ఇంకా నెలన్నర ఉందమ్మా. తొందరేం లేదు. ఈలోపు ఇలాగే సాధన చేసి చూస్తాను." నవ్వుతూనే కోటు విప్పి, మడత పెట్టి, బల్ల మీద జాగ్రత్తగా ఉంచి వెళ్ళాడు.

అత్తగారు కూర్చుని కుట్లు విప్పసాగారు. 

"నలభై ఏళ్ళలో ఇదే మొదటిసారి. నాకు తెలిసి మొదటిసారి. అది ఉన్నప్పుడు అన్నీ ఒకసారి చూసి ఇచ్చేది. నాకు చెప్పకుండా ఎన్ని సరిచేసిందో. నేనేమో ఇంత వయసులోనూ ఎంత పనిమంతురాల్ని అనుకుంటూ వచ్చాను."

"కళ్ళు చూపించుకోవాలి అత్తయ్యా."

"చూపించుకున్నాను. రెండు కళ్ళలోనూ పొర తియ్యాలన్నారు. ఆ తర్వాత నెల రోజులు మిషను ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోకపోతే కొట్టద్దె?"

"నేను కడతాను."

"మీరు సూదులకి దారం ఎక్కించండి మాస్టారూ."

ఎక్కించాను. ఇంటికి నడిచి వస్తూ ఆవిడ కొట్టు లెక్క మనసులో వేశాను. కొట్టద్దె కట్టడం కోసం కుడుతున్నారు. కుట్టడం కోసం కొట్టద్దె కడుతున్నారు. మధ్యలో మిగిలేది ఆవిడ తిండికే చాలీచాలదు.

*

ఆ మరుసటి వారం బడి ఆఫీసులో గుమాస్తా నాకు కొత్త పదవి ఫారం ఇచ్చింది. నెమ్మదైన మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడదు. నింపి ఇచ్చాను. పెన్ను కొసతో వరస వరసా చూసుకుంటూ వచ్చి ఒక చోట ఆగింది.

"మాస్టారూ, కుటుంబ సభ్యులు అన్నచోట..." అని, కాసేపటికి, "ఇద్దరు అని ఉంది," అంది.

చూశాను. నా చేతిరాతే.

"నేను దిద్దెయ్యనా? మీరు మళ్ళీ రాయక్కర్లేదు."

"వద్దు. ఇలా ఇవ్వండి."

మధ్యాహ్నం పిల్లలు ఆటలకి వెళ్ళారు. ఖాళీ క్లాసులో తలుపు దగ్గరికి వేసి, బోర్డు మీద లెక్క మొదటినుంచి వేశాను. ఏడాది ఖర్చు, దానికి ఇరవై అయిదు రెట్లు. అరవై అంగుళాలూ ఇద్దరికి వేసిన లెక్క. పాస్‌బుక్కు ఎందుకంత తొందరగా పెరిగిందో అప్పుడు తెలిసింది. తినేవాడు ఒక్కడే.

ఒక్కడికి వేసి చూశాను. ముప్పై ఎనిమిది.

పదకొండేళ్ళుగా ఎక్కడికి చేరాలని నడిచానో అక్కడికి నేను తను పోయిన రోజే చేరిపోయాను. ఏడు నెలలుగా చేరినచోటే కూర్చుని ఉన్నాను, చేరినట్టు తెలియకుండా.

ఆ అంకెని చాలాసేపు అలాగే ఉంచాను. లెక్కలో తప్పు లేదు. ప్రతి వరసా సరిచూశాను. కానీ పిల్లల పరీక్ష కాగితాల్లో ఒక్కోసారి జవాబు సరిగ్గానే ఉంటుంది, ప్రశ్నే వేరేది ఎక్కించుకుని ఉంటారు. అలాంటివాటికి నేను మార్కులు వెయ్యను. తుడిచేశాను.

మళ్ళీ ఇద్దరికి వేశాను. ఈసారి రెండో మనిషి అత్తగారు. ఇంటద్దె అదే. తిండి అంతే. నా భార్య ప్రయాణాలకని పెట్టుకున్న చోట ఆవిడ మందులు. ఎటు తిప్పినా మళ్ళీ అరవై దగ్గరే తేలింది. చేతిలో యాభై ఉంది. బడి వదిలేస్తే ఒకేసారి వచ్చే మొత్తం అయిదు అంగుళాలు. ఇంకో అయిదు తక్కువ. అంటే ఇప్పుడున్న ఉద్యోగంలోనే ఇంకో రెండేళ్ళు.

గంట కొట్టేసరికి బోర్డు శుభ్రంగా ఉంది. ఫారంలో ఇద్దరు అన్న మాట దిద్దలేదు. ఫారమే మడిచి జేబులో పెట్టుకున్నాను.

*

"మంగళవారం కొట్టు మూస్తారా అత్తయ్యా?"

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. యాభై అంగుళాలయింది. ట్రయల్ చూడాలి. ఇద్దరుండాలని మీ అమ్మాయి షరతు."

ఆవిడ మిషను ఆపారు. "నేను ముందుగా రిటైరవడమేమిటి మాస్టారూ? డెబ్భై దాటాయి నాకు. వెనకపడి రిటైరవాలి."

"ఒక్క రోజే. నచ్చకపోతే కుట్లు విప్పేద్దాం."

ఆవిడ కొంచెంసేపు నా వైపు చూశారు, లేదా నేనున్న వైపు చూశారు. "ఎన్నింటికి?" అన్నారు.

కటింగు కాగితం మీద యాభై పక్కన తను రాసింది ఇంతే: బస్సులో చివరి స్టాపు దాకా. మా వీధి మలుపులో ఎక్కే బస్సు ఎక్కడిదాకా వెళుతుందో మా ఇద్దరికీ తెలియదు. ఆరో స్టాపులో నేను దిగిపోయేవాణ్ణి, తొమ్మిదో స్టాపులో దారాల టోకు కొట్టు దగ్గర తను.

మంగళవారం పదకొండింటికి బస్సు దాదాపు ఖాళీ. అత్తగారు కిటికీ దగ్గర కూర్చున్నారు. కొట్టు తాళం గుప్పిట్లోనే ఉంది. ఆరో స్టాపులో బడి గోడ కనిపించింది. లోపల ఏదో క్లాసు ఎక్కాలు చెబుతోంది. నేను దిగలేదు. బస్సు కదిలింది. బడి గోడ అయిపోయేదాకా వెనక్కి తిరిగి చూశాను.

"ఈ వేళప్పుడు ఊరు ఇలా ఉంటుందా?" అన్నారు అత్తగారు.

"ఎలా ఉంది?"

"తీరిగ్గా. అందరూ ఎక్కడికో పోతున్నారు గానీ ఎవరూ పరిగెత్తడం లేదు." వేలితో చూపించారు. "ఆ ఎర్రగా ఉన్నదేమిటి?"

"లారీ."

"నేను ఇల్లనుకున్నాను. కదిలితే భయపడ్డాను."

పందొమ్మిదో స్టాపు ఆఖరిది. ఒక చదును నేల, రెండు బల్లలు, ఒక టీ బండి. డ్రైవరు ఇంజను ఆపి దిగుతూ, మేమింకా కూర్చుని ఉండడం చూశాడు.

"ఎవరింటికి వెళ్ళాలండీ?"

"ఎవరింటికీ కాదు. చివరి స్టాపు చూద్దామని వచ్చాం," అన్నాను.

"ఇక్కడా? నేను రోజుకి ఆరుసార్లు చూస్తాను. ఏమీ లేదిక్కడ."

"అదే చూడ్డానికి వచ్చాం నాయనా," అన్నారు అత్తగారు, మెట్లు దిగుతూ.

ఆయన నవ్వి, తన టీతో పాటు మాకూ చెప్పబోయాడు. వద్దని మా డబ్బులు మేమే ఇచ్చాం. రోజూ పదకొండున్నరకి తాగే టీలే ఇక్కడ తాగాం, బస్సు టిక్కెట్లకి ఆ రోజు కూర మానేశాం కాబట్టి షరతు తప్పలేదు.

బల్ల మీద కూర్చున్నాక చెప్పాను. పెద్దగా తిప్పకుండా, బోర్డు మీద వేసినట్టే వరసగా చెప్పాను. ఆవిడ కొట్టు మూసి మా ఇంటికి రావాలి. కళ్ళు బాగు చేయించుకోవాలి. నేను ఇంకో రెండేళ్ళు పనిచేస్తే అరవై నిండుతుంది.

"అల్లుడింట్లో కూర్చుని తినమంటారా?"

"మీ అమ్మాయి ఇల్లు అది."

"నేను కూర్చుంటే మీరు బడికి పోయి తెస్తారు. అంతేగా? ఒకళ్ళు మానెయ్యడానికి ఇంకొకళ్ళు మోయాలి. అది దాని లెక్క కాదు. ఇద్దరూ ఒకేసారి మానెయ్యాలని కదా అది టేపు ఎత్తుకుపోయింది."

డ్రైవరు ఇంజను వేశాడు. ఖాళీ గ్లాసులు బండి మీద పెట్టి బస్సెక్కాం.

 మా మలుపులో దిగాక, కొట్టు వైపు తిరగబోతూ అడిగారు: "ఒక అంగుళం అంటే ఎంత?"

చెప్పాను. ఆవిడ తల ఆడించి వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం బీరువా తెరిచి, గుండుసూదిని యాభైకి జరిపాను.

*

పది రోజుల తర్వాత అత్తగారు ఒక బొత్తాల డబ్బా పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టారు. పైన రెండు గుప్పెళ్ళ బొత్తాలు. వాటి కింద బ్యాంకు కాగితాలు, పాత రసీదులు, దారం చుట్టి కట్టిన నోట్లు.

"కూడండి మాస్టారూ."

"ఏమిటిది?"

"నలభై ఏళ్ళు కుట్టాను. ఏమీ మిగల్చలేదనుకున్నారా? ముసలితనంలో మంచాన పడితే దానికి భారం కాకూడదని దాచాను. అది నా కన్నా ముందే దించేసుకుంది. కొట్టు ఖాళీ చేస్తే ఓనరు అడ్వాన్సు వెనక్కిస్తాడు, రసీదు అందులోనే ఉంది. మిషన్లు రెండూ అమ్మితే ఎంతొస్తుందో కనుక్కున్నాను. అన్నీ వెయ్యండి. ఎన్ని అంగుళాలు?"

వేశాను. రెండోసారి వేశాను. ఆవిడ నా పెన్ను చప్పుడు వింటూ కూర్చున్నారు.

"అయిదు," అన్నాను.

"అయిదేనా, అయిదు దాకానా?"

"అయిదు."

"మీ మొహం నాకు సరిగ్గా కనబడదు. అబద్ధం చెప్పడం లేదుగా? గుండుసూది విషయంలో దానితో ఒకసారి చెప్పానన్నారు."

"లేదు అత్తయ్యా. అయిదే."

ఆవిడ బొత్తాలు ఒక్కొక్కటే ఏరి మళ్ళీ డబ్బాలో వేసుకున్నారు. "అయితే నేను మీ ఇంట్లో కూర్చుని తినడం లేదు. నా అయిదంగుళాలు నేను తెచ్చుకున్నాను. ఆ ఉత్తరానికి జవాబు రాయండి."

మర్నాడు హెడ్మిస్ట్రెస్ గారికి రాసిచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివి, "మనసు మారితే సెలవులిచ్చిన వారంలోపు చెప్పండి. మీ కుర్చీ ఉంటుంది," అన్నారు. ఆఫీసులో గుమాస్తా వేరే ఫారం ఇచ్చింది, ఉద్యోగం వదిలేవాళ్ళది. ఈసారి తనే అడుగుతూ నింపింది.

"కుటుంబ సభ్యులు?"

"ఇద్దరు."

పెన్ను ఆగింది. తల ఎత్తలేదు. "రెండో వారు... సంబంధం?"

"అత్తగారు."

"అత్తగారు," అని పైకి అనుకుంటూ రాసింది. రాశాక కాగితం కాస్త దూరంగా పట్టుకుని చూసి, "బాగుంది మాస్టారూ," అంది.

*

కొట్టు మూసే రోజుకి ఆవిడ ఒక కంటికి పొర తీయించుకుని ఉన్నారు. ఆ కన్ను కొత్త బొత్తంలా మెరుస్తోంది. చివరిగా మిగిలిన పని ఒక్కటే, బాకా ఆయన కోటు. ఆపరేషన్‌కి ముందే చేతులు రెండూ విప్పి కుట్టారు, అయినా ఆ కంటితో ఇంకోసారి చూడనిదే ఇవ్వనన్నారు.

ఆయన కోటు తొడుక్కున్నాడు. చేతులెత్తాడు, దించాడు, ముందుకి చాపాడు.

"కుడి చెయ్యి కుడి వైపే ఉంది," అన్నాడు.

"వెనక్కి తిరుగు. భుజం దగ్గర దారం వేలాడుతోంది." ఆవిడే కత్తిరించారు. ఎవరూ చూపించలేదు.

ఆయన డబ్బులిచ్చి వీధిలోకి వెళ్ళి, సంచిలోంచి బాకా తీశాడు. "కోటు పనిచేస్తుందో లేదో చూడొద్దా?" అని, వీధి మధ్యలో నిలబడి ఊదాడు. ఏ పాటో నాకు తెలియదు. పెద్దగా, నిండుగా, ఎక్కడా వణకకుండా ఊదాడు. కిటికీలు తెరుచుకున్నాయి. ఇస్త్రీ కొట్టాయన బయటికొచ్చాడు. నలభై ఏళ్ళలో ఆ కొట్లో ప్యాంట్లు పొట్టి చేయించుకున్నవాళ్ళు, పొడుగు చేయించుకున్నవాళ్ళు గుమ్మాల్లో నిలబడ్డారు. అత్తగారు మెట్టు మీద తిన్నగా నిలబడి మొత్తం విన్నారు. అయ్యాక, షట్టరు దించమని నాకు సైగ చేశారు.

"ఎంత తీసుకుంటావు దీనికి?" అని ఆయన్ని అడిగారు.

"రెండు ఎడమ చేతులిచ్చారు కదమ్మా. ఒకటి ఎక్కువిచ్చినట్టే. చెల్లు."

*

ఆ టర్మ్ మంగళవారంతో ముగిసింది. పిల్లలకి మామూలుగానే లెక్కలు చెప్పాను, చివరి గంటలో కూడా. సాయంత్రం ఆఫీసులో నాకు రావాల్సిన మొత్తం రాసిన కాగితం అందుకుని ఇంటికొచ్చాను. ముందు గదిలో కిటికీ కింద ఒక కుట్టు మిషను ఉంది. దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ నాకు తెలుసు.

"అమ్మలేదా?" అన్నాను.

"నాది అమ్మాను. ఇది అమ్మలేదు." అత్తగారు రెండో కంటికి కూడా పొర తీయించుకుని అప్పటికి పదిహేను రోజులు. సూదికి తనే దారం ఎక్కిస్తున్నారు. ఒక్క విసురులో ఎక్కింది. "కొనేవాడు వచ్చాడు. వాడు చక్రం తిప్పి చూస్తుంటే చెయ్యి తియ్యమన్నాను."

"మంచి పని చేశారు."

రాత్రి దాకా ఆగకుండా అప్పుడే పాస్‌బుక్కు, కాగితాలు ముందేసుకున్నాను. యాభై. తర్వాత మిగిలిందంతా కళ్ళ ఆపరేషన్లకి పోయింది. ఆవిడవి. బడివి. యాభై తొమ్మిదిన్నర.

మళ్ళీ వేశాను. యాభై తొమ్మిదిన్నరే. ఆ అర అంగుళం కిటికీ కింద గుడ్డ కప్పుకుని ఉంది.

"అర అంగుళం తక్కువ అత్తయ్యా. మిషను ఉండనివ్వండి, అది కదపొద్దు. హెడ్మిస్ట్రెస్ గారు ఈ వారంలోపు చెప్పమన్నారు. ఒక్క టర్మ్ పనిచేస్తే అదీ నిండిపోతుంది. నాలుగు నెలలు. రేపు వెళ్ళి మాట్లాడతాను."

నా గొంతులో తేలిక నాకే వినబడింది. అత్తగారు సూదిని సూదుల దిండుకి గుచ్చి, లేచి, బీరువా దగ్గరికి వెళ్ళారు. తాళం వెయ్యడం మానేసి చాలా రోజులైంది. తలుపు తీసి, టేపు మీద అంకెలు కింద నుంచి పైదాకా తనే చదువుకుంటూ వెళ్ళారు. యాభైలో ఉన్న గుండుసూది పీకారు.

"నేను కుట్టినవాటిలో ఏదైనా గుడ్డ అంచు దాకా కుట్టానా?"

"అంటే?"

"అర అంగుళం లోపలికి మడుస్తాం. ప్రతి కుట్టుకీ. అది పైకి కనబడదు. ఎవరూ దాన్ని కొలవరు. కానీ బట్ట నిలబడేది దానివల్లే. అంచు దాకా కుడితే మొదటి ఉతుకులోనే పిగిలిపోతుంది." గుండుసూదిని అరవై దగ్గర, ఇత్తడి బిళ్ళకి సరిగ్గా కిందగా గుచ్చారు. "ఆ అర అంగుళం మడతలోకి పోయింది. కూర్చో నాయనా. నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

పాతికేళ్ళు పిల్లలకి అర మార్కు కూడా ఊరికే వెయ్యని మనిషిని నేను. కాగితాలు మడిచి పక్కన పెట్టాను.

"అరవైకి ఏదో రాసింది," అన్నారు ఆవిడ. కాగితం ముక్కకి మొహం దగ్గరగా పెట్టి, తర్వాత అక్కర్లేదని గుర్తొచ్చినట్టు దూరం జరిగి చదివారు. "అరవై. అప్పుడు చూద్దాం."

అదే ఉంది అక్కడ. నేను ఎన్నోసార్లు చదివాను. తన గొంతు తప్ప వేరే గొంతులో వినడం అదే మొదటిసారి.

మర్నాడు అయిదింటికే నాకు మెలకువ వచ్చింది. పక్క గదిలోనూ అలికిడి అయింది, వెంటనే ఆగిపోయింది. లేవడానికి ఆవిడా సిగ్గుపడుతున్నారని అర్థమైంది. ఫ్యాను చూస్తూ పడుకున్నాను. అటువైపు ఆవిడ కూడా చూస్తూ ఉండి ఉంటారు, నెమ్మదిగా తిరుగుతున్న రెక్కలు మూడూ విడివిడిగా, మొదటిసారి.

పదకొండింటికి ఆవిడ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో తాళం లేదు.

"చూద్దాం అంది కదా. పద, చూద్దాం," అన్నారు.

ఎక్కడికని నేను అడగలేదు. వీధి మలుపు దాకా నడిచాం. ఎవరూ పరిగెత్తడం లేదు. బస్సు వచ్చింది. ఆ రోజు బుధవారం.